ఎడమ పక్క కుట్టు

"సప్పుడు లేకుండా వచ్చే బండి మంచిది గాదు, తౌఫీక్. రోడ్డు మీద ముసిలోళ్ళుంటారు, గొర్రెలుంటాయి, బడి పిల్లోళ్ళుంటారు. వెనక బండొస్తాందని వాళ్ళకెట్ల తెలస్తాదిరా?"

జైతూన్ బీ మిషను మీది నుంచి తల ఎత్తేసరికి తెల్ల కారు దుకాణం ముందరి రేకుల పందిరి కిందికి వచ్చేసి ఉంది. ఇంజను మోత లేదు. చక్రాల కింద ఇసక నలిగిన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకొని "యా అల్లా" అనుకుంది.

"హైబ్రిడ్ బండమ్మీ అది. మెల్లగ పోయేటప్పుడు బ్యాటరీ మీద పోతాది," అన్నాడు కొడుకు. దిగుతున్నవాళ్ళ వైపు చూసి నవ్వాడు. "మీరేమనుకోవద్దండి సార్. మా అమ్మీకి హారన్ కొట్టినా భయమే, కొట్టకపోయినా భయమే."

దిగినవాళ్ళు ముగ్గురు. శ్రీపాదరావు ఉండేది ఎమ్మిగనూరులో, లెక్కలు చెప్పేది దేవనకొండ హైస్కూల్లో. వెంట ఆయన భార్య ఇందిరాబాయి, కూతురు ప్రార్థన. కారు నడుపుకొచ్చింది ఆ పిల్లే. ఇరవై ఏళ్ళుంటాయి. తాళంచెవి గుప్పిట్లో పెట్టుకొని, తండ్రి ఏమంటాడోనని ఆయన మొహంకేసి చూస్తోంది.

"రివర్సు బాగా తీసినావు," అన్నాడాయన.

"ఆమె తీసిందేముంది? పక్క సీట్లో కూర్చొని బ్రేకు తొక్కి తొక్కి నా మోకాలు పట్టేసింది," అంది ఇందిరాబాయి. "నా పక్క బ్రేకే లేదు. అయినా తొక్కుతానే ఉంటా."

ఆ ఒక్క మాటతో జైతూన్ బీకి ఆమె ఎన్నాళ్ళుగానో ఎరిగిన మనిషైపోయింది. లేని బ్రేకు తొక్కడమంటే ఏమిటో తనకు తెలుసు. తౌఫీక్ మోటారు సైకిలెక్కి గేటు దాటితే మళ్ళీ వచ్చేదాకా తన కాళ్ళు కూడా అట్లాగే నేలను తొక్కుతుంటాయి.

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మొదట్లో బడే సాబ్ సీటు కవర్ల దుకాణం ముప్పై ఏళ్ళుగా ఉంది. ఆమె భర్త బడే సాబ్ కొలత పడతాడు, తౌఫీక్ కత్తిరిస్తాడు, జైతూన్ బీ కుడుతుంది. వేరేచోట్ల కవరు తొడిగి, కింద రబ్బరు నాడాతో లాగి కట్టేస్తారు. అది మూడు నెలలకే ముడతలు పడుతుంది. బడే సాబ్ కవరు అట్లా కాదు. తొడిగాక మళ్ళీ పక్కలకు వంకర సూదితో, నైలాన్ దారంతో, రెండు వరసలు చేత్తో కుట్టాల్సిందే. "సీటు సినగాల గానీ మా కుట్టు తెగరాదు" అనేది ఆయన మాట. ఆ మాట విని కౌతాళం నుంచి కూడా బండ్లు వస్తాయి.

శ్రీపాదరావు జేబులోంచి నాలుగు మడతల కంపెనీ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. కాగితం మడతల దగ్గర అరిగిపోయింది. దాని నిండా పెన్సిలు టిక్కులు.

"నాలుగు మోడళ్ళు బడే సాబ్. బండొకటే, ఇంజనొకటే, మైలేజీ ఒకటే. అయినా రెండు నెలలు పట్టింది నాకు ఇది తేల్చేదానికి. మొదటిది వట్టి బండి. గుడ్డ సీట్లు, ముందర గుద్దుకుంటే ఉబ్బే బెలూన్లు రెండు, అంతే. రెండోదానికి పెద్ద టచ్ స్క్రీను, వెనక కెమెరా. మూడోదానికి బెలూన్లు ఆరు. నాలుగోదానికి పైకప్పులో అద్దం, తోలు సీట్లు. నాకైతే రెండోది చాలు. ఈ పిల్లకు తోలు సీట్లుండే నాలుగోది కావాల. ఆరు బెలూన్లు లేని బండి ఎక్కనే ఎక్కనంటుంది ఈమె."

"అందుకని మధ్యలో మూడోది," అంది ప్రార్థన. "ఎవరికీ పూర్తిగా నచ్చంది."

"మా కుట్టు పడనీమ్మా," అన్నాడు బడే సాబ్, "మీ మూడోది నాలుగోదానికి మొగుడైతాది."

జైతూన్ బీ ఇంటికీ దుకాణానికీ మధ్యనున్న తెర పక్కనుంచి అడిగింది: "అయితే సార్, రెండు బెలూన్ల బండెక్కేటోళ్ళ తలకాయలు గట్టియా?"

అందరూ నవ్వారు. శ్రీపాదరావు మాత్రం నవ్వుతూనే కాగితం వైపు మరోసారి చూశాడు. "నేనడగాల్సింది ఆ మాట, షోరూంలో. తోచలేదు," అన్నాడు.

ఇందిరాబాయి రెగ్జిను ముక్కల కట్ట విప్పి ఒక్కొక్కటే వేళ్ళ మధ్య నలిపి చూసింది. కాఫీ పొడి రంగుది తీసి పక్కన పెట్టి, మళ్ళీ వెనక్కి పెట్టి, మళ్ళీ తీసింది.

"ఆ ఆరు బెలూన్లు యాడుంటాయమ్మా?" అడిగింది జైతూన్ బీ.

"ఏమోనమ్మా. లోపలెక్కడో. మంత్రాలయం రాయరు లెక్క. కనబడరు, ఉన్నారని నమ్మాల అంతే."

బిల్లు రాసేటప్పుడు ఫోన్ నంబరు ఆమెదే ఇచ్చింది. సారు బడిలో ఉంటే ఫోనెత్తడట. కారు అక్కడే వదిలి ముగ్గురూ బస్సెక్కి పోయారు. ఎల్లుండి వస్తామన్నారు. వచ్చే ఆదివారం మంత్రాలయంలో బండికి పూజ చేయించాలి, అంతలోపల కావాలన్నారు.

*

అట్ట కొలతలు అప్పటికే ఉన్నాయి. పోయిన నెల పత్తి దలాలీ మాదన్న ఇదే బండి, ఇదే కంపెనీది, మొదటి మోడలు తెచ్చుకున్నాడు. ఆ సీట్ల మీద తీసిన అట్టలను తౌఫీక్ దారంతో కట్టి గోడకు తగిలించాడు. సీటు అదే సీటు, అంగుళం తేడా లేదు. అట్ట మీద అట్ట పెట్టి, సుద్దతో గీసి, పెద్ద కత్తెరతో ఒక పూటలో రెగ్జిను మొత్తం కోసేశాడు.

జైతూన్ బీ బుధవారం పొద్దున మొదలుపెట్టి గురువారం మధ్యాహ్నానికి మిషను కుట్టంతా పూర్తిచేసింది. చేతి కుట్టుకు కారెక్కింది. ముందరి ఎడమ సీటు దగ్గర, డోరుకూ సీటుకూ మధ్యనున్న జానెడు సందులో ఒక మోకాలు మడిచి, ఇంకొకటి బయటికి చాపి కూర్చుంది. ఎడమ చేత్తో సీటు పక్క నొక్కి పట్టుకుంటేనే కవరు బిగువుగా వస్తుంది. అట్లా నొక్కినచోట అరచేతికి గట్టిగా ఏదో తగిలింది. మెత్తటి ఫోము ఉండవలసిన చోట పలక లాంటిది. దాని మీద, సీటు గుడ్డ కుట్టులోంచి, బొటనవేలి గోరంత గుడ్డ పట్టీ బయటికి వచ్చి ఉంది. పట్టీ మీద ఇంగ్లీషు అక్షరాలు.

ఆమె చదువు అయిదో తరగతి దాకా. ఉర్దూ వచ్చు, తెలుగు కూడబలుక్కుంటుంది. ఇంగ్లీషు అంకెలు తప్ప రాదు. అయినా ఆ అక్షరాల వైపు కొంతసేపు చూసింది. మొదట గుడారం. పక్కన నిలువు గుంజ. అటు తర్వాత మూడు నాలుగు వంకరలు, మధ్యలో మళ్ళీ ఒక గుడారం.

"తౌఫీక్, ఈ పట్టీ ఏందిరా? మాదన్న బండికి లేదే?"

తౌఫీక్ వెనక సీటు కింద తల పెట్టి బోల్టు విప్పుతున్నాడు. "కంపెనీ గుర్తమ్మీ. ఒక్కో మోడల్‌కి ఒక్కోటి పెడతారు. బయటికి కనబడితే బాగుండదు, లోపలికి మడిచి కుట్టు."

"లోపల ఏందో గట్టిగా ఉంది."

"సీటన్నాక ఇనుము ఉండదా?"

బడే సాబ్ డోరు దగ్గరికొచ్చి వంగి చూశాడు. "ఈ బిగువు సాలదు. ఆయమ్మ కూర్చునే సీటిది. దగ్గర దగ్గరగా ఎయ్యి," అన్నాడు.

ఆమె పట్టీని లోపలికి మడిచింది. సూది దింపి, పక్కటెముకల మాదిరి దగ్గర దగ్గరగా వరస వేసింది. కింది నుంచి పైదాకా ఒకటి, పైనుంచి కిందికి ఇంకొకటి. ప్రతి అయిదో కుట్టుకూ ముడి. దారాన్ని పంటితో కొరికి, కుట్టు మీద గోటితో గీకి చూసింది. ఎక్కడా గోరు దిగలేదు. కుడి సీటుకూ అట్లాగే వేసింది.

గురువారం సాయంత్రం వాళ్ళొచ్చి బండి తీసుకున్నారు. ఇందిరాబాయి ఎడమ సీట్లో కూర్చొని, మళ్ళీ దిగి, చీర సర్దుకొని మళ్ళీ కూర్చుంది. "పెండ్లి కూతురి పీట మాదిరి ఉంది," అని నవ్వింది. కారు చప్పుడు లేకుండా వెనక్కి తిరిగి, చప్పుడు లేకుండా రోడ్డెక్కింది.

*

శుక్రవారం పొద్దున దుకాణం ఊడుస్తుంటే రెగ్జిను ముక్కల కింద సారు కాగితం కనబడింది. కావలసిన కాగితమేమో, వెతుక్కుంటున్నారేమో అని ఆమెకు మొదటి దిగులు. దుమ్ము దులిపి బల్ల మీద పెట్టబోతూ ఆగింది.

గుడారం. పక్కన గుంజ.

కాగితాన్ని వెలుతురులోకి తీసుకుపోయింది. ఒక వరసలో ఆ అక్షరాలే ఉన్నాయి, వేలు పెట్టి ఒక్కొక్క గీతా పోల్చుకుంది. నిన్న పట్టీ మీద చూసినవే. వాటి ఎదురుగా నాలుగు గళ్ళు, నాలుగు అంకెలు. రెండు, రెండు, ఆరు, ఆరు. మూడో గడిలోని ఆరు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది.

కూతురు సాదియా కాలేజీకి పోవడానికి జడ వేసుకుంటోంది. ఇంటర్ రెండో ఏడు. జైతూన్ బీ కాగితం తీసుకొని ఇంట్లోకి పోయి ఆ పిల్ల ముందు పెట్టింది. "ఇదేంది సదువు."

"ఎయిర్ బ్యాగ్స్. అవేనమ్మీ, బెలూన్లు. ముందర రెండు, పైన రెండు, ముందరి సీట్ల పక్కన..." సాదియా చదువుతూ తల్లి మొహం చూసి ఆగిపోయింది. "ఏమైందమ్మీ?"

"సీట్ల పక్కననా?"

"సీటు లోపల పక్కన పెట్టి ఉంటారంట."

ఆమె దుకాణంలోకి వచ్చి కాగితం చూపించి ఆ మాట చెప్పింది. తౌఫీక్ మొదట నవ్వాడు. తర్వాత ఫోన్లో ఏదో వెతికాడు. ఒక వీడియో దొరికింది. సీట్లో రబ్బరు బొమ్మను కూర్చోబెట్టారు. పక్కనుంచి బండి వచ్చి తగిలింది. అదే క్షణంలో సీటు పక్క కుట్టు పత్తికాయ పగిలినట్టు పగిలి, తెల్లటి సంచి బయటికొచ్చి బొమ్మకూ డోరుకూ మధ్య నిలబడింది. తౌఫీక్ దాన్ని మళ్ళీ వేశాడు. మూడోసారి వేసినప్పుడు బడే సాబ్ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఆ చోట కవరు తెరిచి పెట్టాల," అన్నాడు తౌఫీక్. "లేకుంటే సన్న నూలుతో, తెగేటట్టు కుట్టాల. మన అట్ట మాదన్న బండిది అబ్బా. దాంట్లో పక్క బెలూన్లే లేవు. సీటొకటే గదా అని..."

"తెగేటట్టు కుట్టాలంటావా?" అన్నాడు బడే సాబ్. "ముప్పై ఏండ్లల్లో తెగే కుట్టు నేను ఎయ్యలేదు."

"ఇప్పుడు అదేమి మాట, తౌఫీక్ అబ్బా?" జైతూన్ బీ గొంతు పైకి లేచింది. "ఆయమ్మ ఆ సీట్లో కూర్చుంటాది. ఫోన్ చెయ్యండి. ఈ నిమిషం చెయ్యండి."

బడే సాబ్ స్టూలు మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "చెయ్యి తౌఫీక్. బండి తెమ్మను. ఎందుకో ఏమో ఈడికొచ్చినాక చెప్పుకోవచ్చు. ఫోన్లో అంతా చాటితే పొద్దు గూకేలోపల ఆదోని అంతా తెలస్తాది. అర్థమైందా?"

"నాకియ్యి ఫోను. నేను మాట్లాడతా," అంది జైతూన్ బీ.

"నీవు మాట్లాడితే వాళ్ళు అన్నం నీళ్ళు మానేస్తారమ్మీ. ఉండు," అంటూ తౌఫీక్ బిల్లు పుస్తకంలో నంబరు చూసుకొని రోడ్డు మీదికి పోయాడు.

ఆమె తెర పట్టుకొని నిలబడింది. రోడ్డవతల వేపచెట్టు కింద కొడుకు ఫోన్ చెవికి పెట్టుకొని మాట్లాడుతున్నాడు. పత్తి లారీ ఒకటి పోతుంటే ఇంకో చెవి మూసుకున్నాడు. తల ఊపాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"సెప్పినా. సోమారం తెస్తారంట."

"సోమారమా? అంతవరకు ఆ పక్క ఎవరూ కూర్చోవద్దని సెప్పినావా?"

"సెప్పినా అమ్మీ."

"బెలూను రాదని సెప్పినావా?"

"సెప్పినానంటున్నా గదా!" అని అరిచి, తౌఫీక్ గోడకున్న అట్టల కట్ట తీసుకొని పెరట్లోకి పోయాడు. ఆ అట్టలు చించుతున్న చప్పుడు ఆమెకు వినబడింది.

జైతూన్ బీ ఆ రోజు జుమా నమాజు వేళ రెండు రకాతులు ఎక్కువ చదివింది. చెప్పాడు కదా, వాళ్ళు చదువుకున్నవాళ్ళు, జాగ్రత్తగా ఉంటారు అని సర్దిచెప్పుకుంది. శనివారం అట్లా గడిచింది. ఆదివారం అన్నంలో ఉప్పు రెండుసార్లు వేసింది. సోమవారం దుకాణం తెరవకముందే వంకర సూదులూ, కుట్టు విప్పే బ్లేడూ ఒక గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టుకొని కూర్చుంది. రోడ్డు మీద ప్రతి తెల్ల కారుకూ లేచి నిలబడింది. ఆ బండికి చప్పుడుండదు, చూసుకోకపోతే వచ్చింది కూడా తెలియదు అని కళ్ళు రోడ్డు మీదే ఉంచింది.

బండి రాలేదు.

*

మంగళవారం మాదన్న వచ్చాడు. దిగీ దిగకముందే, "విన్నావా బడే సాబన్నా? మీరు పోయిన వారం కుట్టినారే, ఎమ్మిగనూరు సారు బండి. అయిపోయిందన్నా," అన్నాడు.

బడే సాబ్ చేతిలోని సుద్దముక్క కింద పెట్టాడు.

"మొన్న ఆదివారం. మంత్రాలయంలో పూజ సేయించుకొని తిరిగొస్తాండారంట. మాధవరం ఇవతల చేనుదారిలోంచి పత్తి మూటల ట్రాక్టరు చూసుకోకుండా రోడ్డెక్కింది. ఎడమ పక్క వచ్చి పొడిచింది. బండికి మరీ అంత ఏం కాలేదన్నా, డోరు లోపలికి పోయింది, అంతే. సారు వెనకుండె, ఆయనకేం కాలే. నడిపే పిల్లకు చెయ్యి విరిగింది. ఆయమ్మ... కర్నూలు దాకా గూడా పోలేదు. పక్కటెముకలు లోపల గుచ్చుకున్నాయంట."

తౌఫీక్ కత్తెర పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. రెగ్జిను సగం తెగి ఉంది. ఆ సగం దగ్గరే కత్తెర వదిలేసి వెనక గుమ్మం గుండా పోయాడు. సాయంత్రమైనా దుకాణంలోకి రాలేదు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

జైతూన్ బీకి ఏడుపు రాలేదు. బుర్రలో ఒకే మాట తిరుగుతోంది. చెప్పాం కదా. చెప్పినా ఆమె ఆ సీట్లో ఎందుకు కూర్చుంది? చెప్పినా సారు ఎట్లా కూర్చోనిచ్చాడు? ఆ కోపం కింద ఇంకేదో ఉంది. దాని వైపు చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

బుధవారం బురఖా వేసుకొని బయల్దేరితే బడే సాబ్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"పోయి ఏం సెప్తావు?"

"సూసొస్తా."

"వాళ్ళు వచ్చి మనల్ని ఏమీ అడగలేదు. మనంతట మనం పోయేదెందుకు? తౌఫీక్ బతుకు ఇంకా మొదలు గాలేదు జైతూన్. పోలీసులొస్తే వాడి మీదికే వస్తారు. వాడే కోసినాడు."

"కుట్టింది నేను," అంది ఆమె. "పక్కకు జరుగు."

ఆయన జరిగాడు.

*

ఎమ్మిగనూరు బస్టాండు నుంచి అడుగుతూ అడుగుతూ పోయింది. మగ్గాల వీధి దాటాక మలుపులో ఇల్లు. గేటు దగ్గర చెప్పులు చాలా ఉన్నాయి. వరండాలో చాప మీద శ్రీపాదరావు ఒంటి మీద కండువాతో కూర్చొని ఉన్నాడు. నాలుగు రోజుల గడ్డం. ఆయన అక్క కాబోలు, పెద్దావిడ ఒకామె గోడకానుకొని ఉంది. ఇంకా ఇద్దరు ముగ్గురు బంధువులు. లోపలి గుమ్మం పక్కన, నేల మీద, ప్రార్థన. కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. జుట్టు దువ్వలేదు. జైతూన్ బీ లోపలికి వచ్చినా ఆ పిల్ల తల ఎత్తలేదు.

"ఆదోని సీట్ల దుకాణం ఆమె," అన్నాడు శ్రీపాదరావు ఎవరితోనో. "రామ్మా. అక్కడే కూర్చో."

ఆమె మెట్టు మీద కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నాలుగు దినాల నుంచి ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలే," అంది పెద్దావిడ జైతూన్ బీతో, పిల్లకు వినబడేటట్టే. "ఏం మాట్లాడుతుంది? సెప్తూనే ఉండె మా మరదలు, ఇంకా నేర్చుకునే పిల్ల, ఊరి బయటికొద్దు అని. ఈడు వింటేనా. ఆడపిల్ల చేతికి స్టీరింగు ఇచ్చి వెనక కూర్చున్నాడు. వేరే ఎవరైనా అయ్యుంటే ఆ ట్రాక్టరును తప్పించి ఉండరా?"

"అక్కా, సాలించు," అన్నాడాయన. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. "పిల్లది కాదు. తప్పు నాది. పైనుంచి దిగాల్సిన బెలూను దిగిందమ్మా. ఆమె తలకు గీత గూడా పడలేదు. సీటు పక్కనుంచి రావాల్సింది రాలేదు. నాలుగోదానికి మంచివి పెట్టి మూడోదానికి పేరుకు పెట్టినారేమో. నాకేం తెలుసు? కాగితంలో ఆరు అని ఉంటే ఆరు అనుకున్నా. టిక్కులు పెట్టుకుంటా కూర్చున్నా. ఇంకొంచెం చూసుకొని నాలుగోది తీసుకొని ఉంటే..."

జైతూన్ బీ తల ఎత్తింది. "సార్," అంది. "ఫోన్ చేసి సెప్పినాము గదా సార్. ఆ పక్క కూర్చోవద్దని. శుక్రవారం."

శ్రీపాదరావు ఆమె వైపు చూశాడు. "ఏ ఫోనమ్మా? నాకెవరూ చెయ్యలేదే. ఆమె గూడా ఏం చెప్పలేదు. మీరెందుకు చేస్తారు?"

వేపచెట్టు కింద నిలబడి తల ఊపిన కొడుకు కళ్ళ ముందుకొచ్చాడు. ఇంకో చెవి మూసుకున్నాడు. తల ఊపాడు. అంతా నటనేనా? కడుపున పడినప్పటి నుంచీ వాడికేమవుతుందో ఏమవుతుందోనని భయపడింది గానీ, వాడే ఇట్లాంటి పని చేస్తాడేమోనని ఒక్కనాడూ భయపడలేదు.

ఇప్పుడు లేచి, పొరపాటున అన్నానని చెప్పి, వెళ్ళిపోవచ్చు. బస్సు అరగంటకొకటి ఉంది. సారు ఆ నాలుగోదాని గురించి బతికినంతకాలం అనుకుంటాడు. ఆ పెద్దావిడ స్టీరింగు మాట పదిమందికి చెబుతుంది. ఆ పిల్ల వింటుంది. వాళ్ళను అట్లాగే అనుకోనిస్తే తన కొడుకు ఇంట్లో ఉంటాడు.

గుమ్మం పక్కన ఆ పిల్ల ఎడమచేతి గోటితో గచ్చు మీద గీకుతోంది. ఒకేచోట. అక్కడ గచ్చు తెల్లగా అయ్యింది.

"నాలుగోది గాదు సార్," అంది జైతూన్ బీ. "మీ మూడోది మంచిదే. బెలూను దాంట్లో ఉండె. నేను సేతులారా ముట్టుకున్నా. ఎడమ సీటు పక్కన పలక మాదిరి గట్టిగా ఉండె, పైన పట్టీ ఉండె. అదేందో మాకు తెలీదు. పట్టీని లోపలికి మడిచి, నైలాన్ దారంతో రెండు వరసలు కుట్టేసినా. మా అట్ట మొదటి మోడలు బండిది. దాంట్లో ఆ బెలూను లేదు. అందుకే దానికి దారి వదల్లే. అది బయటికి రావాలంటే కుట్టు తెగాల. మా కుట్టు తెగదు సార్."

పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ పిల్ల తప్పు లేదు. మీ తప్పూ లేదు. మీ కాగితం మా దుకాణంలో మర్చిపోతిరి, దాన్ని చూసి మాకు మరుసటి రోజే తెలిసింది. నా కొడుకు ఫోన్ చేసి అంతా సెప్పినానన్నాడు. సెయ్యలేదని మీరంటాండారు. సెయ్యకుండానే నాతో సేసినానన్నాడేమో. అయినా వాడిదొక్కడిదే గాదు, సూది పట్టుకున్నది నేను. వాణ్ణి గాదు, నన్ను ఏమన్నా అనండి. పోలీసులకు సెప్పాలంటే సెప్పండి. నేనీడే కూర్చుంటా."

మలుపు అవతల మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడుతోంది, ఆగి, మళ్ళీ మొదలై. శ్రీపాదరావు కండువా కొసను వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. వచ్చినవాళ్ళలో ఒకతను లేచి గేటు దాకా పోయి, ఏం చేయాలో తెలియక అక్కడే నిలబడ్డాడు. లోపల వంటగదిలో ఎవరో కొళాయి కట్టేశారు. జైతూన్ బీ తల వంచుకొని తన వేళ్ళ వైపే చూసుకుంటూ కూర్చుంది. తిట్టినా కొట్టినా బాగుండు అనిపించింది. ఎండ మెట్టు మీదికి వచ్చి, ఆమె పాదాల దాకా వచ్చి, మోకాళ్ళ మీదికి ఎక్కింది. ఆమె జరగలేదు.

గచ్చు గీకుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఫోన్ వచ్చిందప్పా."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. నాలుగు రోజులు వాడని గొంతు, గరగరమంటోంది. ప్రార్థన తండ్రి వైపు చూడటం లేదు, జైతూన్ బీ వైపు చూస్తోంది.

"శుక్రవారం. అమ్మ మడిలో ఉండె. నేనెత్తినా. మీ కొడుకు చేసినాడు, అది అబద్ధం కాదు. ఎడమ సీటుకు కొంచెం ఫినిషింగ్ మిగిలింది, బండి ఒకసారి తెచ్చియ్యండి అన్నాడు. అంతే అన్నాడు. రేపే తేవాలా అని అడిగినా అప్పా. అడిగినా నేను. ఆదివారం మంత్రాలయం పోవాల, పోయొచ్చి సోమవారం తెస్తే ఫర్వాలేదా అని అడిగినా."

ఆ పిల్ల ఊపిరి తీసుకుంది.

"తొందరేం లేదన్నాడు."